ఐర్లాండ్ మైదానంలో ఏ గీతానికి ఎలా నిలబడాలి

ఉద్యోగానికో చదువుకో డబ్లిన్, కార్క్, బెల్‌ఫాస్ట్ నగరాలకు చేరిన తెలుగువారిని మొదటి ఏడాదిలోనే ఎవరో ఒక సహోద్యోగి ఆటకు పిలుస్తారు. ఆట నియమాలను పక్క సీటులో ఉన్నవారు ఓపికగా వివరిస్తారు. ఆటకు ముందు వచ్చే ఆ మూడు నాలుగు నిమిషాల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే అక్కడ పుట్టి పెరిగినవారికి అది వివరించవలసిన విషయంగా తోచదు. ఒక వారం రగ్బీలో ఐర్లాండ్ జట్టు రెండు పాటలకు నిలబడుతుంది. మరో వారం అదే జట్టు పరాయి ఊరిలో వాటిలో ఒక్కదానికే నిలబడుతుంది. అదే మైదానంలో సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) జరిగితే ఆ రెండింటిలో రెండోది వినిపించదు. బెల్‌ఫాస్ట్‌లో ఆకుపచ్చ జెర్సీలే తొడుక్కున్న ఇంకో జట్టు బ్రిటిష్ రాజుగారి గీతానికి నిలబడుతుంది. ఇవన్నీ చూసి తికమకపడేవారి కోసం, మైదానంలోనైనా టీవీ ముందైనా ఏ పాట ఎందుకు వస్తోందో గుర్తుపట్టడానికి, ఆ సమయంలో ఎలా మసలుకోవాలో తెలుసుకోవడానికి ఈ వ్యాసం ఉపయోగపడుతుంది.

ఏ దేశమని కాకుండా ఏ ఆటని అడగండి

మన దేశంలో క్రికెట్ అయినా హాకీ అయినా కబడ్డీ అయినా గీతం ఒకటే కాబట్టి, జట్టు ఏ దేశానిదో తెలిస్తే పాట సంగతి తేలిపోతుంది. ఐర్లాండ్‌లో ఆ ప్రశ్నతో మొదలుపెడితే చిక్కులో పడతాం. అక్కడ ముందుగా తెలుసుకోవలసినది, ఆ ఆటను నడిపే సంఘం పరిధి ఎంతవరకు ఉందన్నది. ఆ ద్వీపం 1921లో రెండుగా విడిపోయింది. 26 కౌంటీలు (మన జిల్లాల వంటివి) స్వతంత్ర రాజ్యమై, ఆ తర్వాత రిపబ్లిక్ అయ్యాయి. ఈశాన్యంలోని 6 కౌంటీలు ఉత్తర ఐర్లాండ్ పేరుతో యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉండిపోయాయి. ముఖ్యమైన క్రీడా సంఘాలు మాత్రం అంతకు సుమారు నలభై ఏళ్ళ ముందే పుట్టాయి. రగ్బీ యూనియన్ 1879లోనూ, ఫుట్‌బాల్ సంఘం 1880లోనూ, హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లోనూ ఏర్పడ్డాయి. దేశానికి సరిహద్దు గీసినప్పుడు రగ్బీ, క్రికెట్, హాకీ, గేలిక్ ఆటల సంఘాలు చీలలేదు. అవి నేటికీ 32 కౌంటీలకూ ఉమ్మడి సంఘాలే. సాకర్ ఒక్కటి చీలింది. బెల్‌ఫాస్ట్‌లోని పాత సంఘం అలాగే ఉండగా, 1921లో డబ్లిన్‌లో వేరే సంఘం పుట్టింది. కాబట్టి సాకర్‌లో రెండు జట్లు, రెండు గీతాలు ఉన్నాయి. మిగతా ఆటలలో జట్టు ఒకటే గాని, ఆ జట్టులోనివారు రెండు రాజ్యాల పౌరులు.

ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగిలినది సులువవుతుంది. డబ్లిన్‌లోని రిపబ్లిక్ సాకర్ జట్టుకు ఐర్లాండ్ జాతీయ గీతమైన 'అవ్‌రాన్ న వీయన్' వాయిస్తారు. బెల్‌ఫాస్ట్ విండ్సర్ పార్క్‌లో ఉత్తర ఐర్లాండ్ సాకర్ జట్టుకు 'గాడ్ సేవ్ ద కింగ్' వాయిస్తారు. గేలిక్ ఆటలకు, అవి సరిహద్దుకు ఉత్తరాన ఆర్మాలో జరిగినా దక్షిణాన కెర్రీలో జరిగినా, అవ్‌రాన్ న వీయనే వాయిస్తారు. క్రికెట్, హాకీ జట్లకు 'ఐర్లాండ్స్ కాల్' అనే పాట ఉంది. రగ్బీకి డబ్లిన్‌లో జాతీయ గీతమూ ఐర్లాండ్స్ కాలూ రెండూ వస్తాయి, బయటి మైదానాలలో ఐర్లాండ్స్ కాల్ ఒక్కటే వస్తుంది. ఒలింపిక్స్‌లో ఐర్లాండ్ జట్టుకు జాతీయ గీతమే. కామన్వెల్త్ క్రీడలలో రిపబ్లిక్ ఉండదు, ఉత్తర ఐర్లాండ్ మాత్రమే పాల్గొంటుంది. అక్కడ స్వర్ణం గెలిస్తే రాజుగారి గీతానికి బదులు 'లండన్‌డెరీ ఎయిర్' అనే పాత జానపద స్వరం వినిపిస్తుంది. లిమావాడీ అనే ఊరిలో సేకరించిన ఈ స్వరం 1855లో అచ్చయింది. దీనికి ప్రపంచమంతా పాడుకునే మాటలను తర్వాత ఒక ఆంగ్లేయుడు రాశాడు.

సైనికుల పాట

అవ్‌రాన్ న వీయన్ అంటే సైనికుల పాట. పలకవలసిన తీరు దాదాపు ఇదే. ఐరిష్ భాషలో రాసే అక్షరాలకూ పలికే ధ్వనులకూ దూరం ఎక్కువ కాబట్టి, ఇంగ్లిష్ లిపిలో చూసి చదివితే పొరపాటు తప్పదు. విచిత్రమేమిటంటే, ఈ రోజు అందరూ ఐరిష్‌లో పాడే ఈ పాట మొదట ఇంగ్లిష్‌లోనే పుట్టింది. పీడర్ కెర్నీ అనే డబ్లిన్ కార్మికుడు, మిత్రుడు ప్యాట్రిక్ హీనీతో కలిసి 20వ శతాబ్దపు తొలి దశకంలో దీన్ని కూర్చాడు. 1912లో ఇది మొదటిసారి అచ్చయింది. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో, ఆ తర్వాత ఖైదీల శిబిరాలలో పాడుకున్న పాట కావడంతో దీని పేరు నిలిచింది. అప్పట్లో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న మన వి.వి. గిరి 1913 నుంచి 1916 వరకు అక్కడే ఉన్నారు కాబట్టి, ఈ పాట ఆ వీధులలో వ్యాపిస్తున్న రోజులను కళ్ళారా చూసినవారిలో భవిష్యత్తులో భారత రాష్ట్రపతి కాబోయే వ్యక్తి కూడా ఉన్నారన్నమాట. లియం ఓ రిన్ చేసిన ఐరిష్ అనువాదం 1923లో వెలువడింది. 1926లో రాజ్యం దీని పల్లవిని జాతీయ గీతంగా స్వీకరించింది.

పల్లవి అన్న మాటను గమనించాలి. చరణాలలో ఆంగ్లేయులను శత్రువుగా చెప్పే పంక్తి ఉంది. అది జాతీయ గీతంలో భాగం కాదు, మైదానంలో దాన్ని ఎవరూ పాడరు. అయినా పల్లవిలో కూడా తుపాకుల మోత ఉంది, ప్రాణాలిస్తామన్న ప్రతిజ్ఞ ఉంది. అందుకే బ్రిటన్‌తోనే ఉండాలనుకునే యూనియనిస్టు కుటుంబంలో పుట్టిన ఆటగాడికి ఈ పాట తనది అనిపించదు. ఐర్లాండ్ అంతా ఒకటి కావాలనుకునే నేషనలిస్టుకు గాడ్ సేవ్ ద కింగ్ ఎలా తనది అనిపించదో ఇదీ అంతే. మొదటివారిలో ప్రొటెస్టెంట్లు, రెండోవారిలో కాథలిక్కులు ఎక్కువన్నది నిజమే అయినా, మతాన్ని చూసి మనసును ఊహించకూడదు. గేలిక్ ఫుట్‌బాల్ విజేతకు ఇచ్చే కప్పు శామ్ మగ్వైర్ పేరు మీద ఉంది. ఆయన ప్రొటెస్టెంటు, విప్లవ సంఘంలోకి స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్‌ను చేర్చుకున్నవాడు. బెల్‌ఫాస్ట్ షాంకిల్ ప్రాంతపు ప్రొటెస్టెంటు కుర్రవాడు వేన్ మెకల్లో 1988 సియోల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఐర్లాండ్ త్రివర్ణ పతాకం పట్టుకుని నడిచాడు.

పల్లవి మొదటి మాటలలో వచ్చే 'ఫీయనా ఫాల్' అన్న పదబంధం ఒక పెద్ద రాజకీయ పార్టీకి పేరు కూడా అయింది. ఆ పార్టీ 1926లోనే పుట్టింది, కాని పాటలోని మాట అంతకంటే పాతది. పార్టీ పేరు పలకడం ఇష్టం లేనివారు అక్కడ మరో మాట పెట్టి పాడడం కద్దు. పక్కవారు వేరే మాట పాడుతున్నారని మీరు ఆశ్చర్యపోనక్కరలేదు. రెండో పంక్తిలో సముద్రపు అలల అవతలి నుంచి మన దగ్గరకు వచ్చినవారి ప్రస్తావన ఉంది. కవి మనసులో ఉన్నది అమెరికా నుంచి పోరాటానికి తిరిగివచ్చే ఐరిష్‌వారు. ఈ రోజు డబ్లిన్ బడులలో చదివే తెలుగు పిల్లలు ఆ పంక్తిని పాడుతుంటే వినడం నాకు చాలా ఇష్టం.

రగ్బీకి రెండో పాట ఎలా వచ్చింది

ఉమ్మడి జట్టుకు గీతం ఎంత కష్టమో రగ్బీ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1954లో బెల్‌ఫాస్ట్ రేవెన్‌హిల్ మైదానంలో స్కాట్లాండ్‌తో ఆటకు ముందు బ్రిటిష్ రాణి గీతానికి నిలబడడానికి దక్షిణాది ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఆట జరిగింది గాని, ఆ తర్వాత 2007 వరకు ఐర్లాండ్ సీనియర్ జట్టు బెల్‌ఫాస్ట్‌లో అంతర్జాతీయ పోటీ ఆడలేదు. 53 ఏళ్ళు! ఉత్తరాది ఆటగాళ్ళు మాత్రం డబ్లిన్‌కు వచ్చి, తమది అనిపించని గీతానికి మౌనంగా నిలబడుతూనే వచ్చారు. ఈ సంగతిని గుర్తుంచుకున్నవారు తక్కువ, గుర్తు చేసేవారు ఇంకా తక్కువ.

1987 ఏప్రిల్‌లో ఉత్తరాది ఆటగాళ్ళు ముగ్గురు, నైజెల్ కార్, డేవిడ్ అర్విన్, ఫిలిప్ రెయినీ, శిక్షణ కోసం డబ్లిన్‌కు కారులో వస్తుండగా సరిహద్దు దగ్గర ఐఆర్‌ఏ (బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా పోరాడిన సాయుధ సంస్థ) పేల్చిన బాంబుకు చిక్కుకున్నారు. ఒక న్యాయమూర్తినీ ఆయన భార్యనూ చంపిన పేలుడు అది. కార్ మళ్ళీ ఐర్లాండ్‌కు ఆడలేకపోయాడు. మరుసటి నెలలోనే తొలి రగ్బీ ప్రపంచకప్ జరిగింది. ఇలాంటి సమయంలో ఏ గీతం వాయించినా ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుందన్న ఇబ్బందితో, వెల్లింగ్టన్‌లో వేల్స్‌తో ఆటకు ముందు 'రోజ్ ఆఫ్ ట్రెలీ' అనే ప్రేమపాటను టేప్‌లో వేశారు. ప్రపంచకప్ వేదిక మీద అది పెళ్ళి ఊరేగింపులో తప్పిపోయిన బ్యాండులా వినిపించిందని నవ్వుకున్నవారే ఎక్కువ. 1995 ప్రపంచకప్ కోసం రగ్బీ యూనియన్ డెరీ నగరానికి చెందిన ఫిల్ కౌల్టర్‌తో ఐర్లాండ్స్ కాల్ రాయించింది. నాలుగు ప్రావిన్సులు, భుజం భుజం కలిపి నిలబడడం అన్న రెండు ఊహల చుట్టూ తిరిగే పాట అది. అందులో రాజ్యం ప్రస్తావన లేదు, శత్రువు ప్రస్తావన లేదు.

కవిత్వంగా చూస్తే ఆ పాట గొప్పదని నేను అనలేను. అది తీయని షర్బత్తులా ఉందని గొణిగే ఐరిష్‌వారు అడుగడుగునా కనిపిస్తారు. వారి మాటకు తల ఊపి ఊరుకోండి, మీరు కూడా వెక్కిరించడం మొదలుపెట్టకండి. ఉత్తరాది ప్రావిన్సు అల్‌స్టర్ నుంచి వచ్చిన యూనియనిస్టు ఆటగాడు కెమెరా ముందు నోరారా పాడగలిగిన పాట అదొక్కటే అన్న సంగతి ఆ గొణుగుడులో మరుగున పడిపోతుంది.

మైదానంలో ఏం చేయాలి

ఆట మొదలయ్యే సమయానికి పదిహేను నిమిషాల ముందే సీటులో ఉండండి. గీతం వస్తుండగా చేతిలో చిప్స్‌తో మనుషులను దాటుకుంటూ వెళ్ళడం ఏ ఊరిలోనైనా మర్యాద కాదు. ఏ గీతమైనా, మీదైనా కాకపోయినా, లేచి నిలబడండి, టోపీ తీయండి, మాట ఆపండి. పాడడం మీ ఇష్టం. పాడకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ఫోను ఎత్తి వీడియో తీసేవారు చాలామంది ఉంటారు గాని, మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పని మానుకుని చుట్టూ చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

క్రోక్ పార్క్‌లో గేలిక్ ఫైనల్ అయితే రెండు జట్లూ బ్యాండు వెనుక మైదానం చుట్టూ కవాతు చేస్తాయి. ఆ తర్వాత అందరూ జెండా వైపు తిరుగుతారు. మీరూ తిరగండి. జనం పల్లవి చివరి పంక్తిని పూర్తి కానివ్వరు. పాట ముగియక ముందే గావుకేకలు లేస్తాయి, ఆటగాళ్ళు వరుస విడిచి తమ స్థానాలకు పరుగెత్తుతారు. మన కళ్ళకు ఇది అవమానంలా కనిపించవచ్చు. అక్కడ దాన్ని ఆట మీది ఆత్రంగానే చూస్తారు, ఆ కేక లేకపోతే ఫైనల్ మొదలైనట్టే ఉండదు.

డబ్లిన్ లాన్స్‌డౌన్ రోడ్డు మైదానంలో రగ్బీకి వెళ్తే మూడు పాటలకు సిద్ధపడండి. వచ్చిన జట్టు గీతం, అవ్‌రాన్ న వీయన్, ఐర్లాండ్స్ కాల్ వస్తాయి. రెండోది అవగానే కూర్చోబోయి మళ్ళీ లేచే కొత్తవారిని ఇట్టే గుర్తుపట్టవచ్చు. వచ్చిన జట్టు గీతానికి పూర్తి నిశ్శబ్దం పాటించడం అక్కడ పట్టుదలగా కాపాడుకుంటున్న మర్యాద. ప్రత్యర్థి పెనాల్టీ కిక్ కొట్టేటప్పుడు కూడా లిమరిక్‌లోని థోమండ్ పార్క్ వంటి చోట్ల వేలమంది ఊపిరి బిగబట్టినట్టు ఉంటారు. ఈల వేయకండి.

ఆ నిశ్శబ్దానికి పరాకాష్ఠ 2007 ఫిబ్రవరి 24. క్రోక్ పార్క్ గేలిక్ సంఘానిది. 1920 నవంబర్ 21న ఆట జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు అక్కడ కాల్పులు జరిపి 14 మంది ప్రాణాలు తీశాయి. చనిపోయినవారిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఉన్నాడు, అక్కడి ఒక స్టాండుకు ఆయన పేరే పెట్టారు. ఆ మైదానంలో రగ్బీ, సాకర్ వంటి ఆటలు ఆడకూడదన్న నియమాన్ని సంఘం 2005లో సడలించింది, ఎందుకంటే లాన్స్‌డౌన్ రోడ్డును కూలగొట్టి తిరిగి కట్టవలసి వచ్చింది. అలా ఇంగ్లండ్ రగ్బీ జట్టు క్రోక్ పార్క్‌కు వచ్చింది. గాడ్ సేవ్ ద క్వీన్ వాయిస్తే ఏమవుతుందోనని దేశమంతా వారాల తరబడి తర్కించింది. చివరికి ఆ గీతం వినబడినంతసేపూ ఒక్క ఈల కూడా లేదు. తర్వాత ఐర్లాండ్ గీతాలు వచ్చినప్పుడు భారీ శరీరం గల జాన్ హేస్ కన్నీళ్ళు ఆపుకోలేకపోవడం కెమెరాలకు చిక్కింది. ఐర్లాండ్ 43–13తో గెలిచింది. ఐరిష్ స్నేహితులతో మాట కలపాలంటే ఆ రోజు ఎక్కడ ఉన్నారని అడిగి చూడండి.

అదే ఏడాది ఆగస్టులో ఇటలీతో ఆటకు జట్టు రేవెన్‌హిల్‌కు తిరిగి వెళ్ళినప్పుడు అక్కడ ఐర్లాండ్స్ కాల్ ఒక్కటే వేశారు. డబ్లిన్‌లో వారి రాజ్య గీతం వేసి, బెల్‌ఫాస్ట్‌లో మా రాజ్య గీతం ఎందుకు వేయరని యూనియనిస్టులు అడిగారు. తర్కంగా ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. ఇలాంటి చర్చ మీ ముందు జరిగితే ఎవరి పక్షమూ తీసుకోకుండా వినడం మంచిది.

విండ్సర్ పార్క్‌కు వెళ్ళేవారికి చెప్పవలసినది కొద్దిగానే ఉంది. గీతానికి నిలబడండి, అంతే. జెర్సీ విషయంలో మాత్రం జాగ్రత్త. రెండు సాకర్ జట్లదీ ఆకుపచ్చే కాబట్టి చిహ్నం చూసి కొనండి. గ్లాస్గో క్లబ్బులైన సెల్టిక్, రేంజర్స్ జెర్సీలు బెల్‌ఫాస్ట్ వీధులలో మతం, రాజకీయం ప్రకటించే గుర్తులుగా చలామణి అవుతాయి. రంగు బాగుందని వాటిని తొడుక్కుని తిరగకండి.

పాడని ఆటగాణ్ణి ఎలా అర్థం చేసుకోవాలి

గీతం సమయంలో పెదవులు కదలని ఆటగాడి మీద మన టీవీ చర్చలలో అయితే గంటల తరబడి విచారణ జరుగుతుంది. ఐర్లాండ్ ఆటలు చూసేటప్పుడు ఆ అలవాటును ఇంటి దగ్గర వదిలి రావాలి. 2024 సెప్టెంబర్ 7న డబ్లిన్‌లో రిపబ్లిక్, ఇంగ్లండ్ సాకర్ జట్లు తలపడినప్పుడు జరిగిన సంగతి చూడండి. ఇంగ్లండ్ తాత్కాలిక కోచ్ లీ కార్స్లీ బర్మింగ్‌హామ్‌లో పుట్టినవాడు, ఐర్లాండ్ తరఫున 40 అంతర్జాతీయ ఆటలు ఆడినవాడు. గాడ్ సేవ్ ద కింగ్ పాడనని ముందే చెప్పాడు. ఆటగాడిగా ఉన్నప్పుడు కూడా తాను గీతం పాడలేదనీ, మనసు ఆట మీదే ఉండేదనీ వివరించాడు. ఇంగ్లండ్ పత్రికలలో కొన్ని మండిపడ్డాయి. ఆ రాత్రి ఇంగ్లండ్ 2–0తో గెలిచింది. గోల్స్ కొట్టినవారు డెక్లన్ రైస్, జాక్ గ్రీలిష్. ఇద్దరూ ఇంగ్లండ్‌లో పుట్టిన ఐరిష్ సంతతివారు. రైస్ ఐర్లాండ్ సీనియర్ జట్టుకు మూడు స్నేహపూర్వక పోటీలు ఆడి, గ్రీలిష్ ఐర్లాండ్ యువ జట్లలో పెరిగి, తర్వాత ఇంగ్లండ్‌ను ఎంచుకున్నవారు. డబ్లిన్ ప్రేక్షకులు వారిద్దరినీ బంతి అందిన ప్రతిసారీ ఈసడించారు. గోల్ కొట్టాక రైస్ సంబరం చేసుకోలేదు. గీతం పాడనివాడూ, జెండా మార్చినవారూ ఒకే జట్టు బెంచీ మీద ఉన్నారు. ఎవరు ఎవరికి ద్రోహం చేశారో తేల్చే పని ఎవరికైనా అప్పగించి చూస్తే సరదాగా ఉంటుంది.

మరో చివర జేమ్స్ మెక్లీన్ ఉన్నాడు. డెరీలో పుట్టి, ఉత్తర ఐర్లాండ్ యువ జట్లకు ఆడి, సీనియర్ స్థాయిలో రిపబ్లిక్‌ను ఎంచుకున్నాడు. అలా ఎంచుకునే హక్కును 2010లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం స్పష్టం చేసింది. 2015లో అమెరికాలో తన ఇంగ్లిష్ క్లబ్బు ఆటకు ముందు రాణి గీతం వస్తుండగా అతను జెండాకు ఎదురుగా తిరగలేదు. బ్రిటిష్ సైనికుల స్మారకంగా జెర్సీ మీద కుట్టే గసగసాల పువ్వు గుర్తును కూడా ప్రతి నవంబర్‌లో నిరాకరించాడు, ఎందుకంటే 1972లో తన ఊరిలోనే బ్రిటిష్ సైనికులు పౌరులను కాల్చిచంపారు. అందుకు అతను ఏళ్ళ తరబడి స్టేడియాలలో తిట్లు తిన్నాడు. తప్పు ఒక వైపే ఉందనుకోకండి. కాథలిక్ అయిన నీల్ లెనన్ 2002లో ఉత్తర ఐర్లాండ్‌కు కెప్టెన్‌గా ఆడవలసిన రోజునే చంపుతామన్న బెదిరింపు వచ్చి, ఆ జట్టు నుంచి శాశ్వతంగా తప్పుకున్నాడు.

మన క్రికెట్ అభిమానులకు బాగా తెలిసిన ఉదాహరణ ఇయాన్ మోర్గాన్. డబ్లిన్‌లో పుట్టి, ఐర్లాండ్‌కు ఆడి, ఆ తర్వాత 2019లో ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ సాధించిన కెప్టెన్ అయ్యాడు. ఇంగ్లండ్ గీతం మాత్రం పాడలేదు. 2011 మార్చిలో బెంగళూరులో కెవిన్ ఓబ్రయన్ 50 బంతులలో శతకం కొట్టి ఇంగ్లండ్‌ను ఓడించిన ఐర్లాండ్ జట్టు ఐర్లాండ్స్ కాల్‌కు నిలబడే ఉమ్మడి జట్టే.

ఇక్కడ మన సుప్రీంకోర్టు 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో చెప్పిన మాట పనికివస్తుంది. గీతానికి మర్యాదగా నిలబడి, మనస్సాక్షి కారణంగా పాడని కేరళ విద్యార్థులు గీతాన్ని అవమానించినట్టు కాదని కోర్టు తేల్చింది. ఐర్లాండ్ రగ్బీ జట్టు దశాబ్దాలుగా ఆచరణలో పెట్టినది కూడా దాదాపు అదే.

ఒలింపిక్స్ చూసేటప్పుడు

ఉత్తర ఐర్లాండ్ క్రీడాకారులు ఒలింపిక్స్‌లో చాలా క్రీడలలో ఐర్లాండ్‌కైనా బ్రిటన్‌కైనా ఆడవచ్చు. 2024 పారిస్‌లో న్యూటౌనార్డ్స్‌కు చెందిన జిమ్నాస్ట్ రీస్ మెక్లెనహన్, మహెరలిన్‌లో పెరిగిన ఈతగాడు డేనియల్ విఫెన్ ఐర్లాండ్ తరఫున స్వర్ణాలు గెలిచి అవ్‌రాన్ న వీయన్‌కు నిలబడ్డారు. కోల్‌రెయిన్‌కు చెందిన రోయింగ్ (పడవ పోటీల) క్రీడాకారిణి హానా స్కాట్ అదే క్రీడలలో బ్రిటన్‌కు స్వర్ణం తెచ్చింది. కొన్ని గంటల ప్రయాణంలో తిరిగిరాగల చిన్న ప్రాంతం నుంచి వచ్చి, రెండు గీతాలకు కళ్ళు చెమర్చినవారు వీరు. మెక్లెనహన్ 2018 కామన్వెల్త్ క్రీడలలోనూ స్వర్ణం గెలిచాడు కాబట్టి, అతను వేరే స్వరానికి కూడా నిలబడ్డాడు. కనుక పతకాల పట్టిక చూసి "ఇతను ఏ దేశంవాడు" అని వాదించుకోకండి. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టినవారు తమను ఐరిష్ అనైనా బ్రిటిష్ అనైనా రెండూ అనైనా చెప్పుకునే హక్కును 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందమే గుర్తించింది.

మాటల దగ్గర జాగ్రత్త

డబ్లిన్‌లో "ఫుట్‌బాల్" అంటే వినేవారిని బట్టి గేలిక్ ఫుట్‌బాల్ కావచ్చు. సందేహం ఉంటే "సాకర్" అనండి. దక్షిణాన ఉన్న రాజ్యాన్ని "ఐర్లాండ్" అనో "రిపబ్లిక్" అనో పిలవండి. "సదరన్ ఐర్లాండ్" అన్న మాట చాలామందికి నచ్చదు. బ్రిటన్‌ను "మెయిన్‌ల్యాండ్" అనడం ఇంకా నచ్చదు. ఉత్తరాది ప్రాంతాన్ని నేషనలిస్టులు "నార్త్" అనో "ఆరు కౌంటీలు" అనో అంటారు, యూనియనిస్టులు "నార్తర్న్ ఐర్లాండ్" అనో "అల్‌స్టర్" అనో అంటారు. అల్‌స్టర్ ప్రావిన్సులో 9 కౌంటీలు ఉన్నాయి, వాటిలో 3 రిపబ్లిక్‌లో ఉన్నాయి కాబట్టి రగ్బీ సందర్భంలో తప్ప ఆ చివరి మాటను మీరు వాడకపోవడమే మేలు. డెరీ, లండన్‌డెరీ అన్న రెండు పేర్లలో ఎదుటివారు ఏది వాడితే మీరూ అది వాడండి.

గీతాలు అయ్యాక జనం పాడే పాటలూ ఉంటాయి. 1840ల కరువు నేపథ్యంగా రాసిన 'ఫీల్డ్స్ ఆఫ్ అథెన్రై' నేర్చుకుంటే ఎక్కడైనా పనికివస్తుంది. 2012 యూరో పోటీలలో స్పెయిన్ చేతిలో 4–0తో ఓడిపోతూ కూడా గ్డాన్స్క్‌లో ఐరిష్ అభిమానులు చివరి నిమిషాలంతా దాన్నే పాడారు. ఐఆర్‌ఏను కీర్తించే నినాదాలు వచ్చే పాటలకు మాత్రం గొంతు కలపకండి. 2022లో రిపబ్లిక్ మహిళల జట్టు ప్రపంచకప్‌కు అర్హత సాధించిన సంబరంలో లాకర్ రూమ్‌లో అలాంటి నినాదం పాడినందుకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది, యూరప్ సాకర్ సమాఖ్య 20,000 యూరోల జరిమానా వేసింది. వారికి చరిత్ర తెలిసి కూడా నోరు జారింది. మనకు ఆ పాటి చరిత్ర కూడా తెలియదు.

మీరే గీతం పెట్టవలసి వస్తే

తెలుగువారి సంఘాల క్రికెట్ పోటీలకో, ఆగస్టు 15 వేడుకలకో రెండు దేశాల గీతాలూ పెట్టే పని మీ మీద పడవచ్చు. రిపబ్లిక్‌లో అయితే అవ్‌రాన్ న వీయన్ పల్లవిని మాత్రమే పెట్టండి. యూట్యూబ్‌లో దొరికే పూర్తి పాటలో ముందు చెప్పిన చరణాలు కూడా ఉండవచ్చు కాబట్టి ఇంట్లో చివరి వరకు విని చూసుకోండి. వాద్యం ఒక్కటే ఉన్న రికార్డింగ్ అయితే మరీ మంచిది. పాట రచయిత కెర్నీ 1942లో మరణించాడు, 2012 చివరితో మాటల మీద కాపీరైటు ముగిసింది కాబట్టి అచ్చు వేసి పంచడానికి అడ్డు లేదు. పిల్లలు బడిలో నేర్చుకుని ఉంటారు కాబట్టి వారిని ముందు వరుసలో నిలబెట్టండి, పెద్దల పెదవులు వారిని అనుసరిస్తాయి. జెండాలు కట్టేటప్పుడు ఐర్లాండ్ పతాకంలో పట్టీలు నిలువుగా ఉండాలి, కర్ర వైపు ఆకుపచ్చ రావాలి. మన పతాకంలోని రంగులకు దగ్గరి రంగులే కాబట్టి తొందరలో తారుమారు చేసేవారు ఉన్నారు.

బెల్‌ఫాస్ట్‌లో అయితే ఆతిథ్య గీతం పెట్టాలా వద్దా అని ముందు హాలు ఇచ్చినవారినీ, పిలిచిన అతిథులనూ అడగండి. జనగణమన ఒక్కటే పెట్టి ఊరుకున్నా ఎవరికీ లోటు అనిపించదు. అప్పుడు అతిథులకు ఒక సంగతి చెప్పండి. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు జనగణమన స్వరాన్ని కాగితం మీద నొటేషన్‌గా రాసిన మార్గరెట్ కజిన్స్ రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో పుట్టినది. ఆ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆమె భర్త జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాడు. వారి సొంత ద్వీపం రెండుగా విడిపోవడానికి అప్పటికి ఇంకా రెండేళ్ళు ఉంది, అక్కడి రాజ్యం తన గీతాన్ని ఎంచుకోవడానికి ఏడేళ్ళు ఉంది.